సగం కప్పిన చుట్టిల్లు

మొండిపర్రులో సూరమ్మను మంచిదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. సూరమ్మ కూడా మొండిపర్రులో ఎవర్నీ మంచివాళ్ళని ఒప్పుకున్నది లేదు. గుండుగొలను నుంచి కొల్లేటి వైపు గట్టంట నడిచి వచ్చేవాళ్ళకి పేట కనపడకముందే ఆవిడ గొంతు వినపడేది. తన కోడి పక్క వాకిట్లో గుడ్డు పెట్టినా తగువే, గాలి తిరిగి ఎవరి పొయ్యి పొగో తన చూరులో దూరినా తగువే. మనిషి నల్లగా, ఎండిన తుమ్మమొద్దులా ఉండేది. మొగుడు జీవరత్నం పోయి చాలా కాలమైంది. పిల్లలు పుట్టలేదు. ఈ భూమ్మీద ఆమెకి ఉన్నదల్లా ఒక చుట్టిల్లు. అదైనా పూర్తిగా ఉందా అంటే లేదు, సగమే.

ఇంట్లో సగం ఏమిటని అడుగుతారు. అడగండి, అక్కడే ఉంది కథంతా.

మొండిపర్రు ముందునుంచీ ఊరు కాదు. కొల్లేరు నిండితే చుట్టూ నీళ్ళు, తీస్తే చుట్టూ రెల్లు, మధ్యలో కాస్త ఎత్తుగా నిలిచిన దిబ్బ. పాములూ పక్షులూ తప్ప దాని మొహం చూసినవాళ్ళు లేరు. ఎగువన నల్లజర్ల వైపు జీవరత్నం, ఎజ్రా అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. వాళ్ళు బాప్తిస్మం పుచ్చుకున్నారని అక్కడి ఆసామి పని మానిపించాడు. అంతటితో కడుపు నిండక వాళ్ళ పాకలు కూడా పీకించేశాడు. పెద్దవాడు జీవరత్నం పెళ్ళాన్ని వెంటబెట్టుకుని దిగువకి వచ్చి ఈ దిబ్బ ఎక్కాడు. అప్పటికి సూరమ్మ పదహారేళ్ళ పిల్ల. మొగుడు కొల్లేటి నల్లమన్ను తవ్వి పోస్తే, అందులో ఊక కలిపి, మోకాళ్ళ దాకా దిగి తొక్కింది. మూలలుంటే గాలివాన పట్టుకుని పీకేస్తుందని ఆ రోజుల్లో గోడ గుండ్రంగానే పెట్టేవారు. ఒక వరస పెట్టడం, అది ఆరేదాకా కూచోవడం, దాని మీద ఇంకో వరస పెట్టడం. అలా గోడ భుజాలెత్తు లేచేసరికి తమ్ముడు ఎజ్రా, పెళ్ళాం కృపమ్మతో దిగాడు. వస్తూ వస్తూ బండి నిండా తాటివాసాలు తెచ్చాడు. ఆ వాసాలతో కప్పు లేచింది.

ఆ ఇల్లు చూసి ధైర్యం వచ్చి ఇంకో కుటుంబం దిబ్బ ఎక్కింది. వాళ్ళని చూసి మరో కుటుంబం ఎక్కింది. తాటాకు బడి వచ్చింది. ఆదివారం వస్తే ఆ బడే గుడి. కొన్నాళ్ళకి ఇటుకల గుడి లేచింది. గుండుగొలనులో ఫలానా మేడ ఫలానా రాజుగారి తాత కట్టించాడని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది గదా, మొండిపర్రు చెప్పుకోవడానికి ఉన్నది ఈ చుట్టిల్లు ఒక్కటే. పేటకి మొదటి ఇల్లు అదేనన్న మాటలో ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఆ ఇల్లు ఎవరిదనే.

"గోడలు నావి. నా కాళ్ళు తొక్కిన మన్ను" అనేది సూరమ్మ.

"గోడలు గొడ్ల దొడ్డికి కూడా ఉంటాయి. కప్పు పడ్డాకే అది ఇల్లయింది. కప్పు మాది" అనేది కృపమ్మ.

అన్నదమ్ములు బతికున్నంతకాలం తోడికోడళ్ళ ఈ మాటలు నవ్వులాటగానే నడిచాయి. ఇద్దరు మగవాళ్ళూ పోయాక నవ్వు పోయింది, మాటలు మిగిలాయి. ఇటుకల గుడి ప్రతిష్ఠ నాడు అవి కాస్తా బజారున పడ్డాయి. ఆ రోజు పాస్టరుగారు పేట పుట్టిన కథ ఎత్తుకున్నారు. ఆయన ఏలూరు నుంచి వచ్చిన మనిషి, ఆయనకేం తెలుసు పాపం! కథ అందించినవాడు కృపమ్మ కొడుకు సీమోను, మిషను బడిలో మాస్టరు. "ఎజ్రాగారి కుటుంబం మొట్టమొదట ఈ దిబ్బ మీద కాలుమోపి ఇల్లు కట్టుకున్నది" అనేశారు పాస్టరుగారు.

ఆడవాళ్ళ వైపు చాప మీంచి సూరమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, గుళ్ళో నిలబడి అబద్ధం చెప్పకండి. వీళ్ళు వచ్చేసరికి నా గోడ భుజాలెత్తు ఉందండి!"

"కూచో అక్కా, పరువు తియ్యకు" అంది కృపమ్మ పక్కనుంచి.

"నీకు పరువెక్కడిదే? నా గోడల మధ్య తలదాచుకున్నదానివి!"

"కప్పు వెయ్యకపోతే నీ గోడల మధ్య నక్కలు కాపరం చేసేవి!"

ఇంక చూసుకోండి. పాట పాడాల్సినవాళ్ళు పుస్తకాలు మూసేశారు. పిల్లలు బెంచీలెక్కి చూశారు. పాస్టరుగారు చేతులెత్తి ప్రార్థన మొదలెడితే ఆ ప్రార్థన మీదుగా కూడా ఇద్దరూ తిట్టుకున్నారు. ఇంటికి వస్తూనే సూరమ్మ పలుగు పట్టి మన్ను తవ్వింది. ఆ ముసలికాళ్ళతోనే తొక్కింది. ఇంటి నడిమధ్య కప్పుని మోస్తూ నిలబడిన నిట్రాడికి అటూ ఇటూ గోడ లేపి, గుండ్రటి ఇంటిని రెండు ముక్కలు చేసింది. కృపమ్మ తన సగానికి వెనకవైపు వేరే గుమ్మం కొట్టించుకుంది. ముందు పలికినవాళ్ళు ఓడినట్టని ఇద్దరూ పేటందరి ముందూ పంతం పట్టారు. రాజీపడేదాకా ఇద్దరికీ ప్రభువు బల్ల, ఆ రొట్టే రసమూ, ఇవ్వనన్నారు పాస్టరుగారు. "వద్దులెండి" అన్నారు ఇద్దరూ. ఆ ఒక్క మాట మీద మాత్రం ఇద్దరికీ భేదం రాలేదు.

పలక్కూడదంటే తిట్టకూడదని కాదు సుమండీ! సూరమ్మ తన మేకతో మాట్లాడేది, కృపమ్మ నీళ్ళకుండతో మాట్లాడేది. "చూశావుటే మేకా, కొంతమందికి కొడుకు మాస్టరైతే కళ్ళు నెత్తికెక్కుతాయి" అని గోడకి ఇవతల అంటే, "కుండా, కడుపున ఒక్క కాయ కాయనివాళ్ళకి ఏడుపు కాక ఇంకేం వస్తుంది" అని అవతల జవాబు. అది పలకడం కిందకి రాదని పేట పెద్దలు కూడా ఒప్పుకున్నారు. అలా ఏళ్ళు గడిచాయి. ఇద్దరికీ ఆ మాటకి ఆ మాట తగలకపోతే అన్నం సహించేది కాదు.

పంతొమ్మిదివందల ముప్పయ్యారో ముప్పయ్యేడో, ఆ ఎండల్లో సీమోను పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి చుట్టిల్లు పీకేస్తానన్నాడు. ఆ స్థలంలో నాలుగు పలకల పెంకుటిల్లు కడతాడట.

"దొడ్డా, ఈ రోజుల్లో చుట్టిల్లేమిటండి, నవ్వుతారు. మీకూ ఒక గది వేస్తాను గదండీ" అన్నాడు.

"గది కుక్కకి వెయ్యి" అంది సూరమ్మ. "నేను తొక్కిన గోడలివి. వీటి మధ్యే నా మొగుడు పోయాడు, నేనూ ఇక్కడే పోతాను. ఆ తర్వాత పీక్కుంటావో, పీక్కుతింటావో నీ ఇష్టం."

పెద్దలు గడ్డాలు గోక్కుని తీర్పు చెప్పారు. ముసలిదాన్ని ఉసురు పెట్టకూడదు. కప్పు కారనంతకాలం ఇల్లు నిలవాలి. కారిందంటే సీమోను ఇష్టం. ఇంకో మాట, గడప దాటి వేరే చోటికి పోయినవాళ్ళకి ఇంట్లో హక్కు లేదు. సీమోను లోపల నవ్వుకుని, "అయితే ఈ ఏడు మా సగం నేయించనండి" అని వెళ్ళిపోయాడు. సగం కప్పు పుచ్చితే మిగతా సగం ఎన్నాళ్ళు నిలుస్తుందిలే అని అతని ధైర్యం.

సూరమ్మ తాటాకు తెప్పించింది. కప్పు నేసే తాతారావు వచ్చి ఇంటిచుట్టూ ఒక తిరుగుడు తిరిగి తల గోక్కున్నాడు.

"గుండ్రటి కప్పు సగం నేయడం కుదరదండి. చూరు దగ్గర ఎత్తుకుని చుట్టూ తిప్పుకుంటూ కొప్పుదాకా పోవాలి. సగంలో ఆపితే అతుకు పడుతుందండి, ఆ అతుకులో నీళ్ళు దిగుతాయి. ఆకు బోలెడుంది గదండీ, మొత్తం నేసేస్తాను."

"దాని నెత్తి మీద నా ఆకు పడిందంటే నీ చేతులు విరిచేస్తాను. నా సగం నెయ్యి."

"అది కాదండీ..."

"నేస్తావా, ఇంకోణ్ణి పిలవనా?"

తాతారావు ఏం చేస్తాడు, నేశాడు. ఒకవైపు కొత్త ఆకు, ఒకవైపు నల్లబడ్డ పాత ఆకు. మంగలి సగం గొరిగి లేచిపోయిన తలలా తయారైంది మొండిపర్రు మొదటి ఇల్లు. దారినపోయేవాళ్ళు ఆగి చూసి మరీ నవ్వుకునేవారు. సూరమ్మ వాళ్ళ మీదకి చీపురు విసిరేది.

తొలకరి దాటింది. కప్పు కారలేదు. సూరమ్మ సగం కొత్తది కాబట్టి కారలేదు, కృపమ్మ సగం పాతదైనా గట్టి నేత కాబట్టి కారలేదు. సూరమ్మ ఇక చూసుకోండి, కనపడ్డ ప్రతివాడికీ చెప్పింది. సీమోను గుండుగొలనులో అద్దె ఇంట్లో కూచుని పళ్ళు నూరుకున్నాడు. తోడికోడళ్ళిద్దరూ నేలకేసి చూసి తడి లేదనుకున్నారు గానీ ఒక్కరూ తలెత్తి చూడలేదు. అతుకులో దిగిన ప్రతి చుక్కా తిన్నగా నడిమిగోడ నెత్తిన పడుతోంది. ఆ గోడకి పైన చూరు లేదు, పక్కన గాలి లేదు. వచ్చిన నీళ్ళన్నీ తాగుతూ కూచుంది.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. కొల్లేరు దిబ్బ అంచుదాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం సూరమ్మ గంజి కాచుకుంటూ చూస్తే గోడ మొదట్లో తన వైపున బెత్తెడు చీలిక కనపడింది. గోడ అవతలికి ఒరుగుతోంది. అవతల గోడవారనే కృపమ్మ మంచం. నాలుగు రోజులుగా కృపమ్మకి చలిజ్వరం, మంచం దిగడం లేదని సూరమ్మకి తెలుసు. ఆ మూలుగులు విని మేకతో వెక్కిరించింది కూడాను.

సూరమ్మ గరిటెతోనే గోడ దగ్గరికి ఉరికింది. అయినా పంతం పంతమే గదా!

"మేకా, మేకా!" అని గట్టిగా అరిచింది. "ఆ గోడ పక్కన పడుకోకే! అది పడిపోతోందే!"

అవతలనుంచి నీరసంగా జవాబు వచ్చింది. "విన్నావుటే కుండా? నా మంచం జరిపించి, గోడ ఇటు జరుపుకుందామని ఎత్తు వేస్తోంది. నేను కదుల్తానా?"

గోడలోంచి ఒక పెళ్ళ రాలింది. చీలిక చెయ్యి దూరేంత అయింది. సూరమ్మ గరిటె విసిరికొట్టి, తన చేతులతో పెట్టిన ఆ గోడకి నోరు ఆనించి కేక పెట్టింది.

"ఒసే కృపా! లేవే! గోడ పడుతోంది, అవతలికి దొర్లవే!"

అవతలనుంచి వినపడింది కృపమ్మ గొంతు. జ్వరం ఎగిరిపోయినట్టు ఖంగుమంది.

"పుష్పమ్మా! ఓ పుష్పమ్మా! ఇలా రావే! పలికిందే! ముందు అదే పలికింది! నన్ను పేరు పెట్టి పిలిచింది, విన్నావా?"

"నీ నోరు పడ, లేవే ముందు!"

"మళ్ళీ పిలువు! పుష్పమ్మ రానీ, వినేలా పిలువు!"

గోడ పడింది.

పక్కింటి పుష్పమ్మ పరిగెత్తుకొచ్చేసరికి సూరమ్మ మోకాళ్ళ మీద కూచుని రెండు చేతులతో బురద తోడుతోంది. తోడుతూ తిడుతోంది. బుద్ధిలేనిదానా, మొండిదానా, చచ్చావుటే, చావకే అని నోటికొచ్చినట్టు. ముందు తల బయటపడింది, తర్వాత భుజాలు. కుడి తొడ దగ్గర ఎముక విరిగి కాలు పక్కకి తిరిగిపోయి ఉంది. కృపమ్మ కళ్ళు తెరిచి, సూరమ్మని దాటి, గుమ్మంలో నిలబడ్డ పుష్పమ్మని చూసింది.

"విన్నావు గదా?" అంది.

అదీ వాళ్ళ వరస. ఏం మనుషులండీ!

భీమడోలు కాంపౌండరు వచ్చి బద్దలు వేసి కట్టాడు. తొడ ఎముక తన వల్ల కాదు, ఏలూరు ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు. కృపమ్మ వినలేదు. "నేను గడప దాటితే అది తలుపేసుకుంటుంది. ఇల్లంతా దానిదైపోతుంది. నేను పోను" అని నిట్రాడిని పట్టుకుంది. చూడవచ్చిన ప్రతివాళ్ళకీ సూరమ్మ ముందు పలికిన వైనం మొదటినుంచి చివరిదాకా వర్ణించి చెప్పింది. గంజి పోసేదీ, పక్క మార్చేదీ, కింద శుభ్రం చేసేదీ ఆ సూరమ్మే. చేస్తూ తిట్టేది, చేయించుకుంటూ కృపమ్మ తిట్టేది. ఇప్పుడు గోడా లేదు, పంతమూ లేదు, మేకతోనూ కుండతోనూ పనిలేదు. తిన్నగా మొహాన్నే.

నాలుగైదు రోజులకి తొడ ఉబ్బింది, చర్మం రంగు మారింది, కట్టులోంచి వాసన మొదలైంది. సీమోను బండి కట్టుకుని వచ్చాడు. గుండుగొలను దాకా బండి, అక్కడినుంచి మోటారు. అతనూ తాతారావూ ఇంకో ఇద్దరూ మంచం ఎత్తబోతే, కృపమ్మ రెండు చేతులూ నిట్రాడికి పెనవేసుకుని పేట దద్దరిల్లేలా అరిచింది. పట్టి లాగితే ఎముక ఇంకా చీలుతుందేమోనని నలుగురూ వదిలేశారు. సీమోను గుమ్మంలో కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"రెండు రోజులు దాటితే కాలే కాదు, మనిషే దక్కదని కాంపౌండరుగారు అన్నారు దొడ్డా. మీరైనా చెప్పండి."

సూరమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆమెకి అన్నీ తెలుసు. గోడ పడ్డా, కప్పు కారిందని ఇంకా ఎవరూ అనలేదు. కృపమ్మ ఇక్కడ పడి ఉన్నా, గడప దాటినా సీమోను ఈ ఇంట్లోంచి పుల్ల కూడా పీకలేడు. తన గోడలు తనకి ఉంటాయి, తను కోరుకున్నట్టే వాటి మధ్య పోవచ్చు. దానికి చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని ఊరుకోవడం. ఆ ఒక్క పనే సూరమ్మకి పుట్టి బుద్ధెరిగి చేతకాలేదు.

"పోవే కృపా. నేను తలుపేసుకోను" అంది.

"నీ మాట నమ్మడానికి నేను పిచ్చిదాన్నా?"

"బైబిలు మీద చెయ్యి వేసి చెప్తాను."

"బల్లకే దూరమైనదానివి, నీ చెయ్యి వేస్తే బైబిలు మైలపడుతుంది."

సూరమ్మకి ఒళ్ళు మండిపోయింది. నిజంగానే మండింది, నటన కాదు. "నీ మొహం మండ! ఈ నాలుగు బెత్తెల చోటు కోసం చస్తావుటే? చస్తావా?" అంటూ చూరులో దోపిన కత్తి లాగి బయటికి నడిచింది. సీమోను భయపడి లేచాడు. ఎవరి మీద పడుతుందోనని పుష్పమ్మ పిల్లల్ని లోపలికి లాక్కుంది.

సూరమ్మ తన వైపు చూరు కట్లు కోసింది. ఒక్కొక్క కట్టూ తెగుతుంటే ఈ ఏడు నేయించిన కొత్త ఆకు జారి వాకిట్లో పడింది. సీమోను వచ్చి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. కత్తి పారేసి, అతని బండిలోంచి గునపం తీసుకుని గుమ్మం పక్క గోడలో దింపింది. పదహారేళ్ళప్పుడు తొక్కిన మన్ను అది. ముసురుకి నానిందేమో, నాలుగు పోట్లకే లొంగింది. మొదటి పెళ్ళ ఊడిపడ్డప్పుడు సూరమ్మ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపో, రొప్పో, పక్కనున్నవాళ్ళకి తెలియలేదు. ఆగకుండా పొడిచింది. గోడలో మనిషి పట్టేంత కంత పడింది. పైన వాసాలు కిర్రుమని పక్కకి ఒరిగాయి. ఇంట్లోకి ఆకాశం కనపడింది. చినుకులు తిన్నగా కృపమ్మ మంచం మీద పడ్డాయి.

"ఇదిగో!" అంది సూరమ్మ, కంతలోంచి లోపలికి చూస్తూ. ఒళ్ళంతా మట్టి. "కప్పు కారింది. పెద్దలు చెప్పిన మాట ప్రకారం ఇల్లు పోయింది. నీదీ లేదు, నాదీ లేదు. ఇంక దేనికే కాపలా? ఎక్కు బండి!"

కృపమ్మ తలెత్తి ఆకాశాన్ని చూసింది. చేతులు నిట్రాడిని వదిలేశాయి. నలుగురూ ఆ సందు చూసుకుని మంచం ఎత్తారు.

బండిలో కాలు కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎవరూ పిలవకుండానే సూరమ్మ ఎక్కి కూచుని ఆ కాలు ఒళ్ళో పెట్టుకుంది. గట్టు మీద గోతులు, బండి ఊగిపోతోంది. కనపడ్డ వాళ్ళందరికీ కృపమ్మ కేకేసి చెప్పింది.

"చూడండర్రా, నా ఇల్లు కూలదోసి నన్ను గెంటేస్తోంది!"

"నీ ఇల్లేమిటే? గోడలు నావి, నేను కూల్చుకున్నాను!"

"కప్పు మాది!"

"అయితే పోయి ఏరుకో!"

అలా గుండుగొలను పొలిమేరదాకా సాగింది. అక్కడికి వచ్చేసరికి కృపమ్మకి ఓపిక అయిపోయింది. కళ్ళు మూసుకుంది. తర్వాత కళ్ళు తెరవకుండానే, ఎప్పుడూ లేని చిన్న గొంతుతో అడిగింది.

"అక్కా, మరి ఇప్పుడు నువ్వెక్కడ ఉంటావే?"

సూరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూసినా ఆ గట్టు మీంచి ఇంక చుట్టిల్లు కొప్పు కనపడదని ఆమెకి తెలుసు.

"నోరు మూసుకుని పడుకో" అంది. "సీమోనూ, మెల్లిగా తోలరా. ఈ కాలు కదిలిందంటే నీ తోలు ఒలుస్తాను."